ఖాళీ నీళ్లకు మేత

చేపలు రాలేదన్న దిగులుతోనే మా బాపు పోయాడని మా క్వార్టర్ల లైన్లో ఇప్పటికీ అంటారు. అందులో నిజం ఉంది. అవి ఎందుకు రాలేదో మాత్రం నాకొక్కదానికే తెలుసు. అది నా పుస్తకాల గర్వానికి సంబంధించిన సంగతి కాబట్టి రాసిపెట్టాల్సింది కూడా నేనే.

రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు మాట. గోదావరిఖనిలో ఉన్నాం. బాపు గనిలో సర్దార్‌గా చేసి, ఊపిరితిత్తులు పాడై ముందే డ్యూటీ దిగిపోయాడు. వాకిట్లో కూర్చుంటే బొగ్గు దుమ్ముకు దగ్గు. కిటికీ మూసిన గదిలో, మంచం మీద గోడను చూస్తూ ఉండేవాడు. ఒకరోజు అన్నాడు: "దవాఖానల శాపల డబ్బా ఉంటది సూడు బిడ్డా, అసొంటిది ఇంట్ల ఉంటే పొద్దు పోతది."

నేను పదో తరగతితో ఆగిపోయి ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. మిగిలిన చదువంతా గ్రంథాలయంలోనే. అక్కడ అక్వేరియం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు నాలుగైదు పేజీలు చదివాను. తొట్టిలో నీళ్లు పోయగానే చేపలు వేయకూడదట. వాటి మలం నుంచి కంటికి కనపడని విషం పుడుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు ముందుగా రాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజిలో పెరగాలి. అందాకా ఖాళీ తొట్టిలోనే రోజూ చిటికెడు మేత వేస్తూ నెల పైన ఆగాలి. ఆ మేత కుళ్లి ఆ సూక్ష్మజీవులకు తిండి అవుతుంది.

బాపుతో పనిచేసిన కాక మంచిర్యాల నుంచి గాజు తొట్టి తెచ్చి పెట్టాడు. నేను మేత వేస్తుంటే అమ్మ బాపుతో, "శాపల్ని పెంచుతదనుకుంటే నీళ్లను మేపుతున్నది నీ బిడ్డ. ఇంకిన్ని దినాలైతే నీళ్లే ఈతగొడ్తయి" అంది.

బాపు నవ్వలేదు. "గ్యాస్ సూడకుంట మందిని లోపటికి దింపుతరా? ముందుగాల సర్దారు దీపం పట్టుకపోయి సూడాలె. బిడ్డ సెప్పేది గదే."

ఆ రోజు నుంచి మేత పని తనే తీసుకున్నాడు. మొదటి షిఫ్టు సైరన్ కూయగానే లేచి, గోడ పట్టుకుని వచ్చి, చిటికెడు వేసి, నీళ్లను వాసన చూసి, "ఇప్పుడే దిగొద్దు" అనేవాడు.

నాలుగు వారాలు దాటాయి. నీళ్లు తేటపడ్డాయి. రాళ్లకు గోధుమరంగు జిగురు పట్టింది. ఆదివారం చేపలు తెద్దామన్నాను. శనివారం కుట్టిన జాకెట్లు ఇచ్చి వచ్చేసరికి బాపు ఆయాసపడుతూ, నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. రాళ్లు మెరుస్తున్నాయి. స్పాంజి కొత్తదానిలా ఉంది.

"సుట్టాలొచ్చే ఇల్లు గట్లుంటదా? నల్లా కింద బ్రష్ పెట్టి రుద్దిన."

షిఫ్టు దిగిన ప్రతిరోజూ ఒంటి మీది నలుపును రుద్ది కడుక్కున్న మనిషి. అది నాకు అప్పుడు తోచలేదు.

"అంత ఖరాబు చేసినవ్ బాపు. విషం తినే పురుగులు ఆ జిగురులనే ఉంటయని సెప్పలేదా? మళ్ల మొదటికెళ్లి నెలరోజులు."

"రెండు శాపలు ఏసి సూడరాదే" అంది అమ్మ.

"పుస్తకంల గట్ల లేదు" అన్నాను.

బాపు తన చేతులు చూసుకున్నాడు. "సర్దారే తప్పు జేసిండు" అన్నాడు. మర్నాడు సైరన్‌కు లేచి మళ్లీ మేత వేశాడు.

పదకొండో రోజు దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ నన్ను అడిగింది ఒక్కటే, "మేత ఏసినవా?" అని. ఇంటికి తిరిగి రాలేదు.

బాపు దినాలు అయ్యాక ఆ పుస్తకం మళ్లీ తీసుకున్నాను. గడువు దాటనివ్వని పాఠకురాలినని గ్రంథాలయంలో నాకు పేరు. ఆ పేరు కోసమే మొదటిసారి చివరి అధ్యాయం చదవకుండా, నాకు కావలసింది తెలిసిపోయిందనుకుని ఇచ్చేశాను. అందులో ఉంది: చేపలున్న పాత తొట్టిలోంచి గుప్పెడు రాళ్లు, వాడిన స్పాంజి ముక్క తెచ్చి వేస్తే కొత్త తొట్టి వారంలోపే సిద్ధమవుతుందని. మంచిర్యాల దుకాణం నిండా పాత తొట్లే. బాపుకు పదకొండు రోజులున్నాయి.

సాయం చేసినవాళ్ల పేర్లు రాయొద్దని అమ్మ అంది. వరసలతోనే చెప్తాను. తొట్టిని దారంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కాకకు, చివరి అధ్యాయం అయ్యేదాకా గడువు అడగని గ్రంథాలయం సార్‌కు, బాపు పోయాక పాత రాళ్లు అడిగితే ఎందుకనకుండా ఇచ్చిన దుకాణం అన్నకు దండాలు. ఇప్పుడు సైరన్ కూయగానే లేచి ఆ తొట్టిలోని ఎర్రచేపలకు మేత వేసే అమ్మకు. చివరగా, ఎవరూ దిగకముందే ఆ నీళ్లను అన్ని పొద్దులు వాసన చూసిన మా సర్దారుకు.