ఎడమచేత్తో జరిపిన పళ్లెం

ఐర్లండ్‌లోని అత్లోన్‌లో నా ప్రయోగశాల కిటికీలోంచి చూస్తే నది కనిపిస్తుంది. శీతాకాలంలో చాలా రోజులు నది ఉన్నచోట పొగమంచు మాత్రమే ఉంటుంది. ఆ కిటికీ పక్కనే నిలబడి తెలుగులో సైన్సు వీడియోలు తీసేవాణ్ణి. నా పరిశోధన పత్రాలు చదివినవాళ్లంతా ఒక గదిలో పడతారు. వీడియోలు చూసినవాళ్లు మాత్రం దుకాణాల్లో ఆపి చేతులు కలిపేవారు. పక్క ల్యాబులోని ఐరిష్ ప్రొఫెసరమ్మ ఒకసారి, "నీకు అభిమానులున్నారు, నాకు సందేహించేవాళ్లున్నారు. నాదే నయం," అంది. అసూయ అనుకున్నాను.

ఆ వీడియో పీట్ మట్టి గురించి. ఇక్కడి చిత్తడి నేలల్లోని ఆ నల్లటి మట్టిలో, మందులకు లొంగని క్రిములను చంపే సూక్ష్మజీవి ఏదో ఉందని నా అనుమానం. క్రిములు పెంచిన గాజు పళ్లెంలో మట్టి కలిపిన నీటిచుక్క వేస్తే, చుట్టూ క్రిములు చచ్చి తేటగా ఒక వలయం ఏర్పడింది. మా పనిలో పక్కన రెండో పళ్లెం తప్పకుండా ఉంచుతాం. అందులో శుభ్రమైన నీటిచుక్కే వేస్తాం. ఏమీ జరగకూడదు. ఆ రోజు అందులోనూ వలయం ఉంది. అంటే క్రిములను చంపింది మట్టి కాదు, నా పొరపాటేదో.

ఫోన్ అప్పటికే రికార్డు చేస్తోంది. "మాత్రలు ఓడిపోయినచోట ఈ మట్టి గెలుస్తోంది" అంటూనే, రెండో పళ్లేన్ని ఎడమచేత్తో పక్కకు జరిపాను.

మళ్లీ చేస్తే వలయం రాలేదు. వీడియో తీసెయ్యలేదు. పదోన్నతి దరఖాస్తులో దాని గురించి ఒక పేరా కూడా రాసుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మా తెలుగు ప్రార్థనకూటానికి వచ్చే ఒకావిడ భోజనానికి పిలిచింది. గుంటూరు వైపు మనిషి, వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకునే కేరర్. తలుపు తీసే ఉంది. లోపలినుంచి నా గొంతు వినిపించింది. నేనింకా నోరు తెరవలేదు. గడపలోనే ఆగిపోయాను. ఆ గొంతులో నాకు లేని ధీమా ఉంది, నాకు లేని దయ ఉంది.

వంటగదిలో గిన్నెల అలమరాకి ఫోన్ ఆనించి ఉంది. ఆవిడ కుడికాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. కట్టు అంచుల్లో నల్లటి మట్టి. గదినిండా తడిసిన తోట వాసన, దాని అడుగున ఇంకో వాసన.

"రండి బాబూ. మీ మందే కడతన్నా. తోటసామాన్ల కొట్లో బస్తా దొరికింది."

"ఆంటీ, మీకు షుగర్ కదా! మీ డాక్టరుకి చూపించారా?"

"ఆయన యాంటీబయోటిక్ రాశాడు. కొనలా. మాత్రలు ఓడిపోతన్నాయని మీరే చెప్పారుగా?"

కట్టు విప్పమన్నాను. బొటనవేలు మట్టి రంగులో ఉంది. తుడిచినా ఆ రంగు పోలేదు.

వీడియో అయిపోయి మళ్లీ మొదలైంది. ఆవిడ తెర వైపు వేలు చూపించింది. "ఒకటడగనా బాబూ? చూడండి, ఇక్కడ. మీ ఎడంచెయ్యి ఏందో తీసేస్తది. రోజూ చూస్తన్నా. ఏందది?"

అంతమంది చూశారు. అడిగింది ఆవిడ ఒక్కతే.

కారులో ఆసుపత్రికి తీసుకెళుతూ అంతా చెప్పాను. ఆవిడ పొగమంచులోకి చూసింది.

"మా ఆశ్రమంలో మాత్ర కిందపడిందని చెప్పకపోతే ఉద్యోగం ఊడుద్ది బాబూ," అంది.

వేలు తీసేశారు. పాదం దక్కింది. నేను దరఖాస్తు వెనక్కి తీసుకుని, ప్రొఫెసరమ్మకు రెండో పళ్లెం సంగతి చెప్పాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటినుంచి మళ్లీ చెప్పమంది. పాత వీడియో తీసేసి, రెండు పళ్లేలూ చూపిస్తూ కొత్తది పెట్టాను. దాన్ని చూసినవాళ్లు ఒక గదిలో పడతారు. పాతదాన్ని ఎవరెవరో దాచుకుని ఇంకా పంచుకుంటూనే ఉన్నారు.

మొన్న గాల్వే వెళ్లే రైల్లో వెనక సీటులోంచి నా గొంతు వినిపించింది. లేచి వెళ్లాను. ఫోన్ చూస్తున్నాయన తెలంగాణ మనిషి.

"అది తప్పండీ. అందులో ఉన్నది నేనే."

ఆయన తెరమీది ముఖాన్నీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. "మీరెట్లయితరు సార్? ఆయన పెద్ద సైంటిస్టు."

ఫోన్‌లోని గొంతు మాత్రల గురించి మొదలుపెట్టింది. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడు చూడండి," అన్నాను. "ఆ ఎడమచెయ్యి చూడండి."