జడ్జి మీద కేసు వేయమన్న నాగరత్న

2019లో సంగతి. హిందూపురంలో వకీలుగా నేను ఎక్కువగా కుటుంబ కేసులే చూస్తుండేదాన్ని. ఒక సోమవారం పొద్దున ధర్మవరం నుంచి నాగరత్న వచ్చింది. పట్టుచీరలు నేసే మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, నా బిడ్డను నా మొగుడికి ఇచ్చేసినాడు ఆ జడ్జి. నన్ను ఒక్క మాట అడగల్యా. ఆయప్ప మీదనే కేసు వేయాల."

భర్తది హిందూపురంలో బట్టల అంగడి. విడిపోయాక ఆరేళ్ల హారిక తల్లి దగ్గరే ఉండేది. పాప తనకు కావాలని అతను కోర్టుకెళ్లాడు. సమన్లు నాగరత్న ఖాళీ చేసిన పాత బాడుగింటికి పోయాయి. ఆమె రాలేదు కాబట్టి కోర్టు ఎక్స్‌పార్టీ ఆర్డర్ ఇచ్చింది. అంటే, ఒక పక్షం హాజరు కాకపోతే రెండో పక్షం మాట మాత్రమే విని ఇచ్చేది. అది చూపించి అతను పాపను తీసుకుపోయాడు.

"మా తమ్ముడు ఫోన్లో చూసినాడు మేడం. మన హక్కు పోతే జడ్జినైనా కోర్టుకు ఈడ్చొచ్చంట."

కుదరదని చెప్పాను. తీర్పు ఇచ్చినందుకు జడ్జి మీద సొంతంగా దావా వేయడానికి చట్టం ఒప్పుకోదు. దీన్ని జుడీషియల్ ఇమ్యూనిటీ అంటాం.

"ఓడిపోయినోళ్లంతా జడ్జి మీద కేసు పెడితే, ఆయన బలమున్నోళ్లకు భయపడే తీర్పు రాస్తాడు నాగరత్నా. రేపు నువ్వు గెలిస్తే నీ మొగుడూ పెడతాడు."

"అట్లయితే మా గోడు ఎవరికి చెప్పుకోవాల?"

"ఆయన మీద పోలేం. ఆయనిచ్చిన ఆర్డర్ మీద పోవచ్చు. కొట్టేయమని ముందు ఆయన్నే అడుగుదాం."

"మళ్లా ఆయప్ప ముందరే నిలబడాల్నా?" అంది. కానీ వాయిదాకి వచ్చింది.

ఆమె కావాలనే సమన్లు తప్పించుకుందని భర్త తరఫు వకీలు వాదించాడు. నా వెనకనుంచి నాగరత్న గొంతు లేచింది.

"సార్, నేను మీ మీద కేసు పెట్టాలనుకుంటి. మేడమే వద్దనింది."

జడ్జి గారు పెన్ను కింద పెట్టారు.

"పెట్టడానికి వీల్లేదమ్మా. చట్టం నాకు ఆ రక్షణ ఇచ్చింది. అందుకే నీ మాట ఇంకా జాగ్రత్తగా వినాలి. చెప్పు, ఆరోజు ఎందుకు రాలేదు?"

"సమన్లు నాకు అందల్యా సార్. అంది ఉంటే మగ్గం ఆడనే వదిలేసి పరిగెత్తుకుంటా వస్తాంటి. బిడ్డ సంగతి కదా."

ఇల్లు మారిన ఆధారాలు చూశారు. తన ఆర్డర్‌ను తానే కొట్టేసి, విచారణ మొదటినుంచి జరిపారు. హారికను చాంబర్లోకి పిలిచి విడిగా మాట్లాడారు. చివరికి పాప తల్లి దగ్గర, ఆదివారాలు తండ్రి దగ్గర అని తేల్చారు. రెండు ఊళ్లకూ మధ్యనున్న పెనుకొండ బస్టాండులో పాపను అప్పగించుకునేవాళ్లు. మొదటి ఆదివారం నేనూ వెళ్లాను. సాయంత్రం హారిక నాన్న చెయ్యి వదిలి అమ్మ దగ్గరికి నడిచింది, ఏడవకుండా.

జడ్జికి ఆ రక్షణ ఎందుకో చదువుకున్నప్పుడే తెలుసు. దాన్ని ఎంత వినయంగా మోయాలో ఆయన్ను చూసి తెలుసుకున్నాను. ఆయనకు రుణపడి ఉన్నాను, నాగరత్నకు అంతకంటే ఎక్కువ. ఇప్పుడు కోపంగా వచ్చే క్లయింట్ల నోరు మూయించను. వాళ్ల మాట వాళ్ల గొంతుతోనే కోర్టుకు వినబడేలా ఒక్క అడుగు పక్కకు జరిగి నిలబడతాను.