తాళం వేసి పెట్టే భోజనం

మా ఇంటికి భోజనానికి ఎవరైనా వస్తే ముందు తలుపుకు తాళం వేస్తారు. కొత్తవాళ్ళకు వినగానే గుండె జారుతుంది గానీ ఇందులో దౌర్జన్యమేమీ లేదు. అది మా మామయ్య పద్ధతి. ఆయన తాళాల మేస్త్రి. పిలిచినవాళ్ళంతా లోపలికి రాగానే వీధి తలుపులో తాళంచెవి పెట్టి, రెండు చుట్లు తిప్పి, టక్ టక్ మనిపించి, చెవిని చొక్కా జేబులో వేసుకుంటారు. "చుట్టలు పూర్తిగా కాలేదాకా ఎవ్వడూ లేవడానికి వీల్లేదు" అని ప్రకటిస్తారు. తింటూ తింటూ గడియారం వంక చూసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. పెళ్ళయిన కొత్తలో ఇదంతా చూసి, ఇదేం కొంపరా దేవుడా, ఎక్కడ పడ్డాను అనుకున్నాను.

మామయ్య పొట్టి మనిషి. పొట్ట మాత్రం ఆయనకంటే ముందు నడుస్తుంది. మేముండేది మేడ మీద, కొట్టు కింద. కొట్లో గోడల నిండా తాళంచెవులు వేలాడుతుంటాయి. ఇనుప రజనూ నూనే కలిసిన వాసన మెట్లెక్కి మా వంటింటి దాకా వస్తుంది. ఎవరైనా పాడైన తాళం తెస్తే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా తిప్పి వింటారు. లోపల ఏది అరిగిందో వేళ్ళకే తెలిసిపోతుందట. అంత శ్రద్ధా మళ్ళీ కంచం ముందే కనబడుతుంది. బాగుందని నోటితో చెప్పే అలవాటు ఆయనకు లేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కుర్చీతో సహా వెనక్కి జరుగుతారు. ఎంత వెనక్కి జరిగితే వంట అంత బాగా కుదిరినట్టు. నేనూ మా అత్తయ్యా వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన మొహం కాదు, కుర్చీ కాళ్ళు చూస్తుంటాం.

ఆయన స్నేహితులు ముగ్గురు. సందు చివర బేకరీ నడిపే రొట్టె బాబాయి, దానికి ఎదురు వరసలో ఉండే పళ్ళ డాక్టరు, రేవులో క్రేను నడిపే క్రేను బాబాయి. నలుగురూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని తన్నులు తిన్నవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నం కలిసి తినడంలో ఒక్కొక్కరికీ ఒక్కో పని ఉండేది. క్రేను బాబాయి ఓడల వాళ్ళ దగ్గర సంపాదించిన మంచి చుట్టలూ ఒక రమ్ము సీసా తెచ్చేవారు. రొట్టె బాబాయి పొద్దుటి రొట్టెలు దించేశాక, ఇంకా వేడి తగ్గని పొయ్యిలో పొట్టేలు తొడ పెట్టి దాని మానాన దాన్ని వదిలేసేవారు. కోత డాక్టరుగారిది. జీవితమంతా సన్నటి పనిముట్లు పట్టిన చెయ్యి కదా, ముక్క నలగకుండా, రసం కారిపోకుండా కోసేవారు. మేము చేపలు వేయించి, బంగాళాదుంపలు కాల్చి, మా వాటా బీరు వంటింట్లో తాగేవాళ్ళం. ఏం, మేం మాత్రం మనుషులం కామా?

అలాంటి బల్లకు ఒకసారి రెండేళ్ళ పాటు దిష్టి తగిలింది. ఒకరోజు పొద్దున బేకరీ ముందు జనం బారులు తీరి నిలబడి ఉండగా డాక్టరుగారు అటుగా పోతూ, "జాగ్రత్తగా నమలండమ్మా, వీడి రొట్టెల పుణ్యాన్నే నా ఆస్పత్రి నడుస్తోంది" అన్నారు. అందరూ నవ్వారు. ఒకావిడ నవ్వుతూనే చేతిలో రొట్టె వెనక్కిచ్చేసింది. ఆ వెనక్కొచ్చిన రొట్టె రొట్టె బాబాయి గుండెలో గుచ్చుకుంది. ఆ రోజు నుంచి కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ, "ఆ డాక్టరు కట్టిన పళ్ళు నా బన్ను కొరికినా ఊడిపోతాయి" అని చెప్పడం మొదలుపెట్టారు. చిలికి చిలికి గాలివాన అయింది. ఒకరు వస్తే ఇంకొకరు రారు. మామయ్య ఎన్నిసార్లు మధ్యవర్తిగా తిరిగినా గోడకు చెప్పుకున్నట్టే అయింది. విసిగిపోయి చివరికి, "నలుగురం కలిసి కూర్చునేదాకా నేను చుట్ట ముట్టను" అని ఒట్టు పెట్టుకున్నారు.

నేను మొదట సంబరపడ్డాను, కర్టెన్లకు పొగ కంపు తప్పిందని. కానీ చుట్టతో పాటు ఆయన కుర్చీ జరగడం కూడా మానేసింది. చేప వేయించినా, కోడి కాల్చినా అంతే. నాలుగు కాళ్ళూ నేలకు మేకులు కొట్టినట్టు ఉండేవి. అంత తిండిప్రియుడు, పెట్టింది తిని లేచిపోయేవారు. నాకు ఏడుపొచ్చేది. వండేదాని బాధ వండేదానికే తెలుసు.

ఇంతలో క్రేను బాబాయి ఉద్యోగం అయిపోయింది. ఇల్లు ఖాళీ చేసి బుధవారం కూతురి ఊరికి వెళ్ళిపోతున్నారు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం. వెళ్ళేముందు ఒక ఓడ కెప్టెను ఆయనకు చుట్టల పెట్టె కానుకగా ఇచ్చాడు. ఆ పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చి, "ఇవి కాలిస్తే నలుగురం కాల్చాలి, లేకపోతే సముద్రంలో పారేసి పోతాను" అన్నారు.

"ఈ ఆదివారం కుదరకపోతే ఇంక ఈ జన్మకు కుదరదు" అన్నారు మామయ్య.

ఇద్దరి దగ్గరికీ స్వయంగా వెళ్ళి పిలిచారు. ఇద్దరిదీ ఒకటే జవాబు. క్రేనుగాడి కోసం వస్తా, ఐదు నిమిషాలు కూర్చుని వెళ్ళిపోతా, అని.

శనివారం సాయంత్రం పక్క సందు ముసలమ్మ ఏడుస్తూ వచ్చింది, తలుపు తాళం లోపల గడియ విరిగిపోయిందని. గడియ అంటే చెవి తిప్పినప్పుడు బయటికి వచ్చి తలుపును పట్టుకునే ఇనుప ముక్క. ఆవిడది మామయ్య ఎప్పుడో చేసిన తాళమే. ఒంటరిది, ఇల్లు అలా వదిలేసి ఎలా పడుకుంటుంది? మామయ్య ఇంకేం ఆలోచించకుండా మా వీధి తలుపు తాళం విప్పి, అందులో గడియ పీకి ఆవిడ తాళంలో వేసి వచ్చారు. "మనకు పై గొళ్ళెం ఉందిగా, సోమవారం కొత్తది చేసుకుంటా" అన్నారు. ఆ తర్వాత మర్నాటి వంట కబుర్లలో పడి ఆ సంగతి ఇంటిల్లిపాదీ మర్చిపోయాం.

ఆదివారం ముందు క్రేను బాబాయి వచ్చారు, తర్వాత డాక్టరుగారు. ఆ వెనకే మెట్ల మీద మాంసం కాలిన వాసన, దాని వెనక బట్ట కప్పిన పళ్ళెంతో రొట్టె బాబాయి. రెండేళ్ళ తర్వాత పొట్టేలు తొడ మా ఇంటి గడప దాటింది. మామయ్య ఒక్క గంతులో తలుపు దగ్గరికి వెళ్ళి చెవి రెండు చుట్లు తిప్పారు. టక్ టక్. చెవి జేబులోకి వెళ్ళింది.

"ఏమిట్రా ఈ మోసం? ఐదు నిమిషాలన్నానా లేదా?" అన్నారు డాక్టరుగారు.

"తాళం పడిందిరా. ఇంక నా చేతిలో లేదు" అన్నారు మామయ్య.

డాక్టరుగారు మొహం మాడ్చుకుని, "చేతులు కడుక్కొస్తా" అని లేచారు. చేతులు కడుక్కునే చోటు వీధి తలుపు పక్కనే. కాసేపటికి తిరిగొచ్చారు. తువ్వాలు ఇవ్వబోతే అక్కర్లేదమ్మా అన్నారు. చేతులు పొడిగానే ఉన్నాయి. ఈ వయసులో మతిమరుపు సహజమే అనుకుని నేను పట్టించుకోలేదు.

బల్ల ముందు నలుగురూ కూర్చున్నారు గానీ అది విందులా లేదు, పరీక్ష గదిలా ఉంది. "ఉప్పు ఇటు ఇమ్మని చెప్పరా వాడికి" అని డాక్టరుగారు. "ఉప్పు వాడి మోచేతి దగ్గరే ఉందని చెప్పరా" అని రొట్టె బాబాయి. మధ్యలో కూర్చున్న క్రేను బాబాయి అటోసారి ఇటోసారి తల తిప్పి, "నేను రిటైరయ్యింది క్రేను నుంచిరా, ఇక్కడ బరువులు మోయడానికి కాదు" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

మామయ్య కత్తి తెచ్చి డాక్టరుగారి ముందు పెట్టారు.

"ఆ కత్తి వాడికివ్వకు. వాడికి నా వంట కొయ్యడం కంటే నా పరువు కొయ్యడం బాగా వచ్చు" అంటూ రొట్టె బాబాయి లేచి నిలబడ్డారు. "నేను పోతున్నా. తాళం తియ్యి."

"తియ్యను."

"నేనే విరగ్గొడతా" అని విసురుగా వీధి తలుపు వైపు వెళ్ళారు.

నేను అప్పుడే ఉల్లిపాయ ముక్కల గిన్నెతో వంటింట్లోంచి వస్తున్నాను. ఆయన చెప్పులేసుకుని పిడి పట్టుకుని లాగారు. తలుపు హాయిగా తెరుచుకుంది. ముసలమ్మా, గడియా అప్పుడు గుర్తొచ్చాయి. ఎదురుగా మెట్లు, మెట్ల మీద ఎండ. అడుగు బయట పెడితే చాలు, అంతా అయిపోయినట్టే. బుధవారం క్రేను బాబాయి వెళ్ళిపోతారు. మా కుర్చీ ఇంకెప్పటికీ జరగదు.

రొట్టె బాబాయి నిలబడిపోయారు. లోపలి నుంచి డాక్టరుగారి గొంతు వినిపిస్తోంది. "చూడరా, కత్తి ఎలా దిగుతోందో. ఎముక దాకా ఒకేలా కాలింది. ఈ రెండేళ్ళూ ఎక్కడ తిన్నా గడ్డి తిన్నట్టే ఉంది నాకు. వాడి పొయ్యికి సాటి లేదు. వాడికే చెప్పేవాణ్ణి, చెప్పనిస్తేగా."

రొట్టె బాబాయి తలుపును చప్పుడు కాకుండా వేసేశారు. చెప్పులు విడిచారు. వెనక్కి తిరిగేసరికి ఎదురుగా నేను. నా వంక ఉరిమి చూసి, నా చేతిలో గిన్నె లాక్కుని లోపలికి నడిచారు.

"వీడి తాళం దుంపతెగ, ఊడి చావలేదు" అని కుర్చీలో కూలబడ్డారు. "ఊఁ, ఇటు వెయ్యి ముక్క. ఎముక దగ్గరిది."

డాక్టరుగారు ఎముక దగ్గరి ముక్క కోసి, తన చేత్తో ఆయన పళ్ళెంలో పెట్టారు. "నీ రొట్టె మాట ఆ రోజు నోరు జారానురా" అన్నారు. "మా కాంపౌండరు రోజూ పట్టుకెళ్ళే రొట్టె ఎవరికనుకున్నావు?"

"నాకు తెలీదనుకున్నావా? అందుకేగా వాడి సంచిలో మెత్తటివి చూసి పెట్టేది. అవి కూడా నమల్లేక చస్తావేమోనని."

అంతే. క్రేను బాబాయి బల్ల మీద ఒక్క గుద్దు గుద్ది నవ్వడం మొదలుపెట్టారు. ఇంక ఆ నవ్వులు ఆగలేదు. రమ్ము సీసా మూత తీశారు. చేపలు వచ్చినవి వచ్చినట్టే మాయమయ్యాయి. నేను రెండోసారి పెనం పెట్టాల్సి వచ్చింది. పొట్టేలు తొడ ఎంత మెత్తగా ఉందంటే, వంటింట్లో మా వాటా తింటూ నేనూ అత్తయ్యా ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. రొట్టెను ఆ రసంలో ముంచి తుడుచుకు తిన్నాం. అత్తయ్య గ్లాసులో చివరి గుక్క బీరు నాకు వంపి, "ఇవాళ కొంప నిండుగా ఉందే అమ్మాయ్" అన్నారు.

తర్వాత చుట్టల పెట్టె తెరిచారు. అడవిలో వాన పడ్డాక వచ్చే వాసనలాంటిది గదంతా వ్యాపించింది. నాలుగింటి కొసలూ డాక్టరుగారే కత్తిరించారు. క్రేను బాబాయి పుల్ల గీసి మామయ్యకే ముందు పట్టారు. మామయ్య ఒక దమ్ము లాగారు. కళ్ళు మూసుకున్నారు. కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది, ఇంకా జరిగింది, చివరికి గోడకు ఠాప్ మని తగిలింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"పొగ" అన్నారు.

"అవును, పొగే" అన్నారు ముగ్గురూ. నేను కిటికీలు తెరవబోయి ఊరుకున్నాను. పోనీ, కర్టెన్లదేముంది, ఉతుక్కుంటాం.

పొద్దు వాలుతుండగా చుట్టలు ఆరిపోయాయి. మామయ్య దర్జాగా జేబులోంచి చెవి తీసి వీధి తలుపు దగ్గరికి నడిచారు. "చూశారా నా తాళం మహిమ! రెండేళ్ళ పంచాయితీ పూటలో తీర్చింది" అంటూ చెవి పెట్టి తిప్పారు. టక్ టక్ అంది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మధ్యాహ్నం సంబరంలో తెలియనిది ఇప్పుడు ఆ వేళ్ళకు తెలిసింది.

"దీనికి గడియ లేదు. నిన్న నేనే పీకేశాను" అన్నారు నెమ్మదిగా.

పిడి లాగారు. తలుపు తెరుచుకుంది. మామయ్య వెనక్కి తిరిగి రొట్టె బాబాయి వంక చూశారు.

"ఇందాక లాగి చూశావు కదరా. ఊడిరాలేదన్నావు?"

రొట్టె బాబాయి చెప్పులు వెతుక్కుంటూ, "రాలేదురా" అన్నారు.

"ఎలా రాదు?"

"నాకు రాలేదు. ఏం చెయ్యమంటావు?"

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "నేనూ లాగాను, చేతులు కడుక్కుంటానని వచ్చినప్పుడు."

"మరి?"

"నాకూ రాలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత డాక్టరుగారు రొట్టె బాబాయి భుజం మీద చెయ్యి వేశారు. బన్ను గట్టిదా, కట్టుడు పళ్ళు గట్టివా అని వాదించుకుంటూ ఇద్దరూ మెట్లు దిగారు. క్రేను బాబాయి మామయ్యను గట్టిగా కావలించుకుని వాళ్ళ వెనకే వెళ్ళారు. వచ్చే నెల మళ్ళీ వస్తానన్నారు, అన్నట్టే రైలెక్కి వచ్చారు. ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

ఆ సాయంత్రం మామయ్య చాలాసేపు ఆ తలుపు తెరిచి, మూసి, తెరిచి చూసుకున్నారు. నన్ను పిలిచి, "అమ్మాయ్, రేపు దీనికి కొత్త గడియ చెయ్యాలి, గుర్తు చెయ్యి" అన్నారు.

నేను గుర్తు చెయ్యలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు.