వదిన కలిపిన నాలుగు పేజీలు

మా వదిన పదిహేనేళ్లుగా ప్రెస్సులో కంపోజింగ్ చేస్తోంది. బిల్లు పుస్తకాలు, ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, మా ఊళ్లో ఏది అచ్చయినా ఆవిడ వేళ్ల మీదుగా పోవలసిందే. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. ఆడపడుచును, నేను మాత్రం ఒప్పుకోను. ఆ నాలుకంతా వేళ్లలోకి దిగిపోయిందని నాకు తెలుసు.

ఎలాంటి కోడిగీతలనైనా ఇట్టే చదివేస్తుంది. మందుల షాపువాళ్లు చేతులెత్తేసిన చీటీలు కూడా మా వీధివాళ్లు ఆవిడకే తెచ్చి చూపిస్తారు. టీచర్ గారు మా వదినకు పరిచయమైంది కూడా ఈ విద్య వల్లే.

ఆవిడ లెక్కల టీచరుగా రిటైరై, పిల్లల కోసం నవలలు రాసేవారు. గాల్లో తేలే దీవులు, అబద్ధం చెప్పడం రాని మరమనుషులు, అద్దంలోంచి దారి తీసే అడవులు. ఒంటరి మనిషి. చూపు తగ్గేకొద్దీ ఆవిడ రాత పెద్దదైంది, వంకరైంది, ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కడం మొదలైంది. చివరికి ఆ రాత చదవగలిగింది మా వదిన ఒక్కతే. ప్రూఫులు చూసుకునే చూపు కూడా లేకపోవడంతో, వదినే వాళ్లింటికెళ్లి కామాలతో సహా చదివి వినిపించేది. టీచర్ గారు కళ్లు మూసుకుని విని, అక్కడ ఆ మాట తీసెయ్, ఇక్కడ పేరా విడగొట్టు అని చెప్పేవారు. వదిన గొంతులో విన్నదే ఆవిడకు అచ్చయిన పుస్తకం. అంతగా నమ్మారు.

ఆరో నవల దగ్గర వచ్చింది తంటా. ఏడుగురు చంద్రులున్న ఒక గ్రహం. అక్కడ నక్షత్రాల నుంచి వచ్చే పడవలు దిగే రేవు. ఆ రేవులో దీపం వెలిగించే పని ఒక పదేళ్ల పిల్లది. దాని తమ్ముడు ఒకరోజు చెప్పాపెట్టకుండా పడవెక్కి వెళ్లిపోతాడు. వాడు దారి తప్పకూడదని అక్క రోజూ దీపం వెలిగిస్తూ వెలిగిస్తూనే పెద్దదవుతుంది, జుట్టు నెరుస్తుంది. ఆఖరికి ఆ పడవ తిరిగొస్తుంది. లోపల ఎవరూ ఉండరు. అక్క పడవంతా వెతికి, బయటకొచ్చి, దీపం ఆర్పి, ఇంటికి నడిచి వెళ్లిపోతుంది. కథ అంతే.

ఏ రోజు టైపు కొట్టిన అధ్యాయం ఆ రోజు భోజనాల దగ్గర కూతురికి చదివి వినిపించడం వదినకు అలవాటు. మా మేనకోడలికి అప్పుడు తొమ్మిదేళ్లు. నలభై దాటిన నేను కూడా చెవులు రిక్కించుకుని వినేదాన్ని, దాచడం దేనికి. ఆఖరి అధ్యాయం విని పిల్ల కంచం పక్కకు తోసేసింది.

"మరి తమ్ముడు?" అంది.

రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు, వాడిని వాళ్లమ్మే ఎక్కడో దాచిపెట్టినట్టు. ఆదివారం మధ్యాహ్నం వదిన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు పేజీలు రాసింది. అందులో పడవ తలుపు తెరుచుకుంటుంది. తమ్ముడు దిగుతాడు. అవే నిక్కర్లు, అదే చిరిగిన జేబు, అదే వయసు. పడవలో కాలం కదల్లేదట. ఎదురుగా ఉన్న నెరిసిన జుట్టావిడను చూసి, "మా అక్కను ఎక్కడైనా చూశారా అండీ?" అని అడుగుతాడు.

పిల్ల ఏడ్చింది, నవ్వింది, మారు అన్నం పెట్టించుకుని తింది. నేను ఊరుకోవచ్చు కదా. అసలుదాని కన్నా ఇదే బాగుంది వదినా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ నాలుగు పేజీలూ అసలు ముగింపు ఉండాల్సిన చోట నవల ఫైల్లోనే ఉండిపోయాయి. తీసేద్దామనే అనుకుందట. ప్రూఫు వినిపించడానికి వెళ్లినప్పుడు ఒడిలో రెండూ ఉన్నాయట, అచ్చు కాగితాలూ, టీచర్ గారి చేతిరాతా. అచ్చు కాగితాల్లో పడవ తలుపు దగ్గరకొచ్చేసరికి, వదిన ఆ చేతిరాత తీసి చదివింది. పడవ ఖాళీ, దీపం ఆరిపోయింది. టీచర్ గారు సరే, అచ్చుకిచ్చెయ్ అన్నారట. వదిన ఇచ్చేసింది, తన నాలుగు పేజీలతోనే.

ఆ సంగతి నాకు పుస్తకం వచ్చాకే చెప్పింది. పిల్ల కోసం చేశావా అని అడిగితే, ముందు అలాగే అనుకున్నానంది. తర్వాత నేల చూపులు చూస్తూ అసలు మాట చెప్పింది.

"పదిహేనేళ్లుగా ఎవరెవరి మాటలో కొడుతున్నాను. ఒక్కసారి నావి అచ్చులో చూసుకోవాలనిపించింది. సిగ్గులేని పని."

సిగ్గు మాత్రం అక్కడితో ఆగలేదు. ఆ పుస్తకం పిల్లలు ఎగబడి చదివారు. ప్రెస్సులో ఎవరైనా మెచ్చుకుంటే వదిన మొహం చాటేసి నీళ్లు తాగే మిషతో బయటికి పోయేది. టీచర్ గారి ఫోనొస్తే మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. చెప్పేస్తానని ప్రతి వారం వాళ్లింటికి వెళ్లడం, ఎండల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడి రావడం. నేను ఎన్నిసార్లు పోరినా ఒకటే మాట అనేది. తెలిస్తే ఆవిడ ఇంక నా గొంతు నమ్మరు, నమ్మకపోతే ఆవిడకు రాసుకునే దారే ఉండదు అని. నిజమే. నిజం కాబట్టే నేనూ మూసుకుని కూర్చున్నాను.

మూడు నెలలకు ఒక స్కూలువాళ్లు టీచర్ గారిని పిల్లలతో మాట్లాడమని పిలిచారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడానికి వదిన, సంచీ మొయ్యడానికి నేను. లైబ్రరీ గదిలో పిల్లలంతా కింద కూర్చున్నారు. చేతుల్లో అదే పుస్తకం. వదిన కిటికీ పక్కన కుర్చీలో బిగుసుకుపోయింది. రెండు ప్రశ్నలు పాత నవలల మీద అడిగారు. మూడోసారి ఒక రెండు జడల పిల్ల లేచింది.

"తమ్ముడు తిరిగొచ్చాక, ఆ ముసలావిడే తన అక్క అని వాడికెలా తెలిసింది?"

టీచర్ గారు ఠక్కున తల తిప్పారు. గది వాకిలి వైపు తిప్పి, అలాగే ఉండిపోయారు. వదిన వైపు చూసే ధైర్యం లేకపోయింది. కాసేపటికి టీచర్ గారు పిల్లల వైపు తిరిగారు.

"చేతులు చూసి. దీపం వెలిగించీ వెలిగించీ అక్క వేళ్లు నల్లబడిపోయాయి కదా."

పిల్లలు చప్పట్లు కొట్టారు. వదిన రాసిన నాలుగు పేజీల్లో చేతుల మాటే లేదు. తనది కాని కథను, తనకు తెలియని కథను, వదిన పరువు పోకుండా ఆవిడ అక్కడికక్కడ పూర్తి చేశారు.

బస్సు దిగి వాళ్లింటికి చేరాక టీచర్ గారు కుర్చీలో కూర్చుని, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవమన్నారు. వదిన చదివింది. అక్షరం పొల్లుపోకుండా ప్రశ్నపత్రాలు కొట్టే మనిషి, తను రాసిన వాక్యాలకే నాలుగుసార్లు తడబడింది. నేను గడప దగ్గర చెప్పులు కూడా విప్పకుండా నిలబడి ఉన్నాను.

"బాగా రాశావు. నీకు రాయడం వచ్చు" అన్నారు టీచర్ గారు.

దానికన్నా రెండు చెంపలూ వాయించినా బాగుండేది. వదిన ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి, తప్పయిపోయింది, మీరు రాసినట్టే మళ్లీ అచ్చు వేయిస్తాను, పిల్లలందరికీ నేనే వెళ్లి చెబుతాను అని ఏడ్చింది. టీచర్ గారు తడుముకుంటూ వదిన తల మీద చెయ్యి వేశారు.

"మా తమ్ముడు పదకొండో ఏట ఇంట్లోంచి వెళ్లిపోయాడమ్మాయ్. ఎక్కడికని ఎవరికీ తెలీదు. వాడింక రాడని ఒప్పుకోవడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. ఒప్పుకున్న రోజే ఆ చివరి పేజీ రాశాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇదే బాగుందన్న నా మాటే చెవుల్లో మోగుతోంది. వదిన ఏడుపు కూడా ఆగిపోయింది. టీచర్ గారు ఆ చెయ్యి తియ్యకుండానే, నెమ్మదిగా మిగతాది చెప్పారు.

"ఇవాళ ఆ పిల్ల 'తమ్ముడు తిరిగొచ్చాక' అనగానే, పుస్తకం సంగతని నాకు తట్టలేదు. వాడొచ్చాడనుకుని వాకిలి వైపు చూశాను. నాకు చూపు లేదన్న మాట కూడా మర్చిపోయి."