ఖాళీ బస్సులో చిన్నాయన

మా చిన్నాయన పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున, గిద్దలూరులో నేను పాఠాలు చెప్పే స్కూలుకు తయారవుతుంటే మార్కాపురం ఆసుపత్రి నుంచి చిన్నమ్మ ఫోను చేసింది. "పాపా, మీ చిన్నాయన లేడు" అంది. ఏడవలేదు. ఆ వెంటనే, "ఏరు వచ్చిందంట. ఇంటికెట్ల తీసుకపోవాల్నో తెలీట్లే" అంది. మనిషి పోయిన కబురులోనే వంతెన గొడవ కూడా వచ్చేసింది. మా ఊరి సంగతే అంత. పెళ్లయినా, పురుడైనా, చావైనా చివరికి వంతెన దగ్గరికొచ్చి ఆగుతుంది. వినీ వినీ మాకే విసుగు.

మా ఊరు గుండ్లకమ్మకు అవతలి ఒడ్డున ఉంది. మార్కాపురం నుంచి వచ్చే రోడ్డు ఏటి దగ్గర ఒక పాత రాతి వంతెన ఎక్కి మా ఊరివైపు దిగుతుంది. దొరల కాలం నాటి కమానుల వంతెన. ఒక బండి ఎక్కితే ఎదురు బండి ఒడ్డునే ఆగాలి. పక్కగోడలు మోకాలెత్తు. ఏరంటారే గానీ ఏడాదిలో చాలా భాగం ఇసుకే ఉంటుంది, కంపచెట్ల మధ్య మేకలు తిరుగుతుంటాయి. నల్లమలలో గట్టి వాన పడిందా, ఎర్రనీళ్లు కమానుల గొంతు దాకా వచ్చేస్తాయి. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, బస్సు డ్రైవరు. ఉద్యోగంలో ఎక్కువ కాలం మా ఊరి బస్సే తోలాడు. వద్దన్నా ఆ రూటే వచ్చేదని నవ్వేవాడు.

నేను మార్కాపురంలో ఇంటర్ చదివే రోజుల్లో ఒక పెద్ద వరద వచ్చి పోయాక వంతెన నడిమి కమాను పగిలింది. సిమెంటు పూశారు. వంతెన బలహీనంగా ఉందని బోర్డు పెట్టారు. అప్పుడు మొదలైంది ఒక పద్ధతి. ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు. బస్సు వంతెన ముందర ఆగుతుంది. అందరూ దిగుతారు. కండక్టరు వెంట నడుచుకుంటూ అవతలి ఒడ్డుకు చేరతారు. ఆ తర్వాత ఖాళీ బస్సు వస్తుంది. అందరూ మళ్లీ ఎక్కుతారు.

ఆ నడక మాకు ఎంత బాగుండేదో ఇప్పుడు చెబితే నమ్మరేమో. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు చీరల మీది తెల్లదుమ్ము దులుపుకుంటూ నడిచేవాళ్లు. మిరపకాయల కోతకు పోయొచ్చే వాళ్లు చేతులు మండుతున్నాయని ఏటిగాలికి చాపేవాళ్లు. బస్సులో ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లు కూడా వంతెన మీద మాట కలిపేవాళ్లు. మా ఊళ్లో రెండు సంబంధాలు ఆ నడకలోనే కుదిరాయి. దిగేటప్పుడు సీటు పోకుండా తువ్వాలో, సంచో పెట్టి దిగేవాళ్లు. ఒకాయన ప్రతిసారీ ఒక దోసకాయ పెట్టి దిగేవాడు, తిరిగొచ్చేసరికి ఆ దోసకాయ మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్లు, ఊరొచ్చేదాకా ఆ రభస సాగేది. నాకు మాత్రం పక్కగోడ మీద చెయ్యి ఆనించి నడవడం ఇష్టం. ఎండాకాలం సాయంత్రం ఆ రాయి వెచ్చగా ఉండేది. ఈ వంతెన మాదేననే మమకారం నాకు అక్కడే పుట్టింది.

కండక్టరుది త్రిపురాంతకం. మా చిన్నాయనకు ప్రాణస్నేహితుడు కాబట్టి పిల్లలందరికీ కండక్టర్ మామ. ఆయన అందరికంటే ముందు నడిచి అవతలి చివర నిలబడి, వెనక్కి తిరిగి చూసేవాడు. మేమంతా దాటామని తేల్చుకున్నాక రెండుసార్లు విజిల్ వేసేవాడు. ఇక అప్పుడు బస్సు కదిలేది. బస్సు ఇటు చేరేదాకా మామ పెదాలు కదులుతూనే ఉండేవి. ఆదివారం చర్చి తప్పని మనిషి. ఏమని ప్రార్థన చేసేవాడో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

చిన్నాయన వంతెన ఎక్కే ముందు చెప్పులు విప్పేవాడు. వాటిని సీటు వెనక్కి నెట్టి, ఉత్త కాళ్లతో బ్రేకు, క్లచ్చి తొక్కేవాడు. అది చూసి మా వాళ్లంతా ఆహా ఏం భక్తి అనుకున్నారు. గంగమ్మ తల్లి మీద నుంచి పోతున్నాం కదా, అందుకు విప్పుతాడని. మెల్లగా జనం కూడా చెప్పులు చేతబట్టుకుని నడవడం మొదలుపెట్టారు. కొందరు ఆడవాళ్లు నడిమి కమాను దగ్గర పసుపు, కుంకుమ పెట్టారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లకు అదేదో తాతముత్తాతల నాటి ఆచారమన్నట్టు అత్తలు నేర్పేవాళ్లు. చిన్నాయన ఇవన్నీ చూస్తూ నోరు మెదపలేదు. చాలా ఏళ్లకు, రిటైరయ్యాక, నేనే అడిగాను.

"భక్తా, పాడా? బండి ఏట్లో పడితే ఈదాల గదా పాపా. చెప్పులేసుకోని ఈదుతారా ఎవురన్నా? నా పక్క తలుపు కూడా గడియ పెట్టేవోణ్ణి గాదు" అన్నాడు.

"మరి ఏట్లో నీళ్లు లేనప్పుడు గూడా విప్పేవోడివి గదా?"

"అలవాటయిపోయింది. భయానికి నీళ్లుండాయా లేవా అని ఏం తెలుస్తది?"

ఈ సంగతి జనానికి ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే దిగి నడిచేటోళ్లు గూడా భయపడతారు. ఒక్కడు భయపడితే చాల్లే" అని బీడీ ముట్టించాడు.

అవతలి ఒడ్డు చేరి బస్సు ఆపగానే దిగి, నీళ్ల సీసా సగం తాగి సగం నెత్తిన పోసుకునేవాడు. తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు, తర్వాత అదే తువ్వాలుతో స్టీరింగు తుడిచేవాడు. అప్పుడు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. మనిషికి పొగరని ఊళ్లో ఒక మాట ఉండేది. ఎండకు తాళలేక పోసుకుంటున్నాడని నేను అనుకునేదాన్ని, చలికాలంలో కూడా పోసుకుంటున్నాడు కదా అని ఒక్కసారైనా ఆలోచించలేదు.

ఒకసారి మార్కాపురం నుంచి వస్తుంటే చిన్నమ్మ కూడా బస్సులో ఉంది. వానల రోజులు, నీళ్లు బాగానే పారుతున్నాయి. అందరం దిగాం. చిన్నమ్మ దిగలేదు. డ్రైవరు వెనక సీట్లో కడ్డీ పట్టుకుని కూర్చుంది.

"దిగు" అన్నాడు చిన్నాయన వెనక్కి తిరక్కుండానే.

"దిగను. పోతే ఇద్దరం పోదాం."

"పిల్లకాయల్ని ఎవురు చూస్తారు? దిగుమంటే దిగు."

"నీకే ఉండారా పిల్లకాయలు?"

చిన్నాయన ఇంజను ఆపేశాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. అవతల మామ విజిల్ మీద విజిల్ వేస్తున్నాడు. జనం ఏమైందని తిరిగి చూస్తున్నారు. చివరికి చిన్నమ్మే దిగింది. నా చెయ్యి పట్టుకుని, పొడుగునా వెనక్కి తిరిగి బస్సునే చూస్తూ వంతెన దాటింది.

ఆయన రిటైరయ్యాక కొన్నాళ్లకు బస్సే రావడం మానేసింది. తర్వాత వంతెనకు రెండు పక్కలా సిమెంటు దిమ్మెలు పెట్టి బండ్లను ఆపేశారు. మనుషులు, మోటారు సైకిళ్లు మాత్రం పోవచ్చు. పక్కనే కొత్త వంతెనకు స్తంభాలు లేచాయి, లేచి ఆగిపోయాయి. ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఆకాశంలోకి చూస్తున్నాయి. కొత్తదానికి దారి కలవాలంటే పాతది కొట్టెయ్యాలని ఒక మాట. దారి కాస్త ఒంపు తిప్పితే పాతదాన్ని నడకకు ఉంచుకోవచ్చని ఇంకో మాట. ఒంపు తిప్పితే ఇంకొందరి పొలాలు పోతాయి, పని ఇంకా వెనకబడుతుంది. ఉంచాలనే వాళ్లు, కొట్టాలనే వాళ్లు అని ఊరు రెండయింది. ఎవరో కొలవడానికి వస్తారు, కొలిచి పోతారు, మళ్లీ ఇంకెవరో వస్తారు. తాత్కాలికంగా ఏట్లో మట్టిదారి వేశారు, అది ప్రతి వానకూ కొట్టుకుపోతుంది. ఇది రాస్తుంటేనే నాకు నీరసం వస్తోంది.

నేను ఉంచాలనే పక్షం. మా ఊళ్లో స్కూలు ముందర జరిగిన మీటింగులో లేచి మాట్లాడాను కూడా. ఇంత అందమైన కమానులు మళ్లీ ఎవరు కడతారు, మన తాతలు మోసిన రాళ్లు కదా అన్నాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలో నుంచి చిన్నాయన లేచాడు.

"మా పాప బాగా చెప్పింది. మీరంతా దిగి నడిచినోళ్లు, అందుకే మీకది ముద్దొస్తది. నేను బండ్లో కూర్చోని పోయినోణ్ణి. ఆ పగిలిన కమాను మీదికి ముందు చక్రం ఎక్కేటప్పుడు ఎట్లుంటదో నాకు తెలుసు. కొట్టెయ్యండి దాన్ని. ఒక్కరు గూడా దిగకుండా నిండు బస్సు ఏరు దాటాల. నేను కిటికీ పక్కన కూర్చోవాల, టికెట్ తీసుకోని. అంతే నేనడిగేది" అని కూర్చున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు కోపం రాలేదు. సిగ్గు కూడా పడలేదు, ఎందుకంటే నేను చెప్పిందీ నిజమే. ఒకే వంతెనను మేమిద్దరం రెండు రకాలుగా దాటాం, ఇన్నేళ్లూ ఆ సంగతి నాకు తట్టలేదు. ఇంటికి పోతూ ఆయనే నా భుజం తట్టి, "నువ్వు బాగా మాట్లాడినావులే పాపా. కోపం పెట్టుకోవాకు" అన్నాడు. ఆ తర్వాత కూడా మా పక్షాలు మారలేదు. పండక్కి పోతే ఒకే గిన్నెలో నుంచి వడ్డించుకు తింటూ అదే వాదన. ఆయనతో వాదించడం ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు, "యాడిదాకా వచ్చింది?" అని అడిగాడు. దేన్ని గురించో చెప్పనక్కర్లేదు.

"అట్లనే ఉంది చిన్నాయనా."

"ఊఁ" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయనకు వయసు ఉంది, షుగరు ఉంది. ఆయన చావును కూడా వంతెన లెక్కలో వేస్తామంటే నేను ఒప్పుకోను. కానీ ఆ నిండు బస్సు ఎక్కకుండానే పోయాడు.

ఆ శుక్రవారం నేను మార్కాపురం పోయి చిన్నమ్మతో పాటు అంబులెన్సు ఎక్కాను. మధ్యాహ్నానికి అది వంతెన దగ్గరికి వచ్చింది. రాత్రి వానకు మట్టిదారి పోయింది. అంబులెన్సు డ్రైవరు దిగి సిమెంటు దిమ్మెల్ని, ఏటిని చూసి, "చుట్టూ తిరిగి పోదామా అమ్మా? పొద్దుగూకేసరికి చేరతాం" అన్నాడు. పాపం, అతను మర్యాదగానే అడిగాడు. చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఈ దారే. ఆయన దారి ఇదే" అంది.

అప్పటికే మా ఊరివాళ్లు వంతెన దాటి ఇవతలికి వచ్చి ఉన్నారు. ఎవరో నులక మంచం తెచ్చారు. చిన్నాయనను దాని మీదికి మార్చారు. పెద్దమనిషి ఒకాయన అలవాటు కొద్దీ, "ఆడోళ్లు, ముసలోళ్లు ముందు దాటండి, మంచం తర్వాత తెస్తాం. బరువు ఒక్కసారే పడకూడదు" అన్నాడు. అందులో తప్పేం లేదు, ఆ వంతెన మీద ఇన్నేళ్లూ అందరం చేసింది అదే. కొందరు అప్పుడే కదిలారు కూడా.

"ఎవ్వరూ ముందు పోవద్దు" అంది చిన్నమ్మ. గట్టిగా అనలేదు, అయినా అందరూ ఆగిపోయారు. "ఎన్నేళ్లు ఒక్కణ్ణే పంపినాం. ఆ పొద్దు దిగుమంటే దిగినాను. ఈ పొద్దు దిగను" అని మంచం కోడు పట్టుకుంది.

కండక్టర్ మామ కూడా వచ్చాడు. మోకాళ్లు అరిగిపోయి, మనవడి బండి మీద వచ్చాడు. మంచం దగ్గరికి వచ్చి చిన్నాయన మొహం చాలాసేపు చూశాడు. మామ ముందు పోయి అవతల నిలబడతాడేమోనని నేను అనుకున్నాను, బహుశా అందరం అనుకున్నాం. మామ చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. చిన్నమ్మకు ఎదురుగా రెండో పక్క కోడు పట్టుకున్నాడు. "నేనెప్పుడూ అక్కడ నిలబడి చూసేటోణ్ణే. ఈసారి పక్కన నడుస్తా" అన్నాడు.

జనమంతా చెప్పులు విప్పారు. గంగమ్మ కోసమని విప్పినవాళ్లే ఎక్కువ. నేను ఎందుకు విప్పానో నాకు తెలుసు.

నడిచాం. మంచం చుట్టూ, ముందూ వెనకా, వంతెన వెడల్పంతా నిండిపోయి ఒకరినొకరు ఒరుసుకుంటూ నడిచాం. కింద ఎర్రనీళ్లు హోరుమంటున్నాయి. పక్కగోడ మీద చెయ్యి ఆనించాను, వానకు తడిసి చల్లగా ఉంది. దీన్ని కొట్టెయ్యాలా, ఉంచాలా అని ఎవరైనా ఆ నిమిషంలో అడిగి ఉంటే నేను జవాబు చెప్పగలిగేదాన్ని కాదు, ఇప్పటికీ చెప్పలేను. నడిమి కమాను మీదికి వచ్చాం. మామ పెదాలు కదులుతున్నాయి. నేను తలెత్తి అవతలి ఒడ్డు చూశాను. రెండుసార్లు విజిల్ వేసే చోటు ఖాళీగా ఉంది. మాకోసం అక్కడ ఎదురుచూసేవాళ్లు ఒక్కరు కూడా లేరు. అందరం వంతెన మీదే, ఆయనతోనే ఉన్నాం.