చేపల మ్యాపు గీసిన అక్క

సూర్యాపేటలో నాతో ఒకే కిరాయి గదిలో ఉన్న అక్క తిరుమలగిరి వైపు గొర్రెలు కాచే ఇంటి బిడ్డ. సముద్రం ఎన్నడూ చూడలేదు. పీహెచ్‌డీ మాత్రం ఒక సముద్రపు చేప మీద. ప్రపంచ సముద్రాల వేడి, ఉప్పు, లోతుల వివరాలు, ఆ చేప కనిపించిందని రాసిపెట్టిన చోట్ల జాబితా డౌన్‌లోడ్ చేసి, అది ఇంకా ఎక్కడెక్కడ బతకగలదో కంప్యూటర్లో మ్యాపు గీసేది.

ఎవరేం చెప్పినా ఒకటే అడిగేది: "సూసినవా, అనుకుంటున్నవా?" కూరలో ఉప్పెక్కువైందన్నా అదే ప్రశ్న.

రెండేళ్లకు మ్యాపు పూర్తయింది. చేప ఉండే చోటల్లా ఎరుపు. గైడ్ సారు మెచ్చుకున్నారు. ఆమె వారం రోజులు దాన్నే చూసి, ఆయనకు ఫోన్ చేసింది.

"సార్, పడవలు తిరిగిన కాడనే చేపను సూసి రాసిండ్రు. మిగతా కాడికి ఎవరూ పోలే. ఇది చేపల మ్యాపు కాదు, పడవల మ్యాపు."

"ఎవరూ అడగరమ్మా, సబ్మిట్ చెయ్యి."

"నేను అడుగుతున్న గద సార్."

మళ్లీ మొదటి నుంచి చేయాలంటే ఇంకో ఏడాది.

ఆ సాయంత్రం వాళ్ల నాయిన ఫోన్ చేశాడు. "చేప దొరికిందా బిడ్డా?"

"లే నాయినా, పడవలు దొరికినయ్."

"అయితే మల్ల దేవులాడు. ఇంటి సంగతి నేను సూసుకుంట."

ఫోన్ పెట్టేసి ఆమె ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. తర్వాత ముఖం కడుక్కుని ల్యాప్‌టాప్ తెరిచింది.