ఖాళీ ద్రావణంలో కనిపించిన మందు

దయ్యాలు, సూచనలు, శకునాలు... వీటిలో వేటినీ నేను ఎప్పుడూ నమ్మలేదు. వరంగల్‌లో ఒక చిన్న మందుల పరీక్షా ల్యాబ్‌లో పనిచేస్తాను. ఫలితంలో తేడా వస్తే గ్లాసు సరిగా కడగలేదా, సూదిలో ఏదైనా మిగిలిందా అని వెతుకుతాం. ఏదో ఒక కారణం దొరుకుతుంది. ఒక్కసారి మాత్రం దొరకలేదు.

ఆ రోజు బిసాకోడిల్ మాత్రలు పరీక్షకు వచ్చాయి. మలబద్ధకానికి వాడే మందు అది, పేగుల్ని కదిలించి విరేచనం చేయిస్తుంది. మాత్రల్లో అది సరిగా ఉందో లేదో తెలియాలంటే స్వచ్ఛమైన బిసాకోడిల్‌తో పోల్చి చూడాలి. ఆ స్వచ్ఛమైన దాన్నే రిఫరెన్స్ స్టాండర్డ్ అంటాం. వేలెడంత సీసా. కొత్తగా తెప్పించాం, సీల్ కూడా తీయలేదు. మాత్రల డబ్బా విప్పలేదు. మా ల్యాబ్‌లోకి ఆ మందు రావడమే మొదటిసారి.

ద్రావణంలో ఏముందో తెర మీద గీతగా చూపే మెషిన్ ఒకటుంది. ముందుగా ఏ మందూ కలపని ద్రావణాన్ని అందులోకి పంపిస్తాం. తెర మీద గీత సాఫీగా సాగిపోతే మెషిన్ శుభ్రంగా ఉన్నట్టు. ఆ రోజు గీత కొంత దూరం సాగి, ఉన్నట్టుండి నిటారుగా పైకి లేచింది. దాన్ని పీక్ అంటాం, ద్రావణంలో ఏదో కలిసి ఉందని అర్థం.

"అక్కా, లోపల ఏమో మిగిలినట్టుంది. జర కడుగుదాం" అన్నాడు నాతో పనిచేసే రమేశ్.

కడిగాం. ద్రావణం మళ్లీ కలిపాం. మెషిన్ లోపలి గొట్టం కూడా తీసేసి కొత్తది బిగించాం. ఈసారి ఆ పీక్ ఇంకా ఎత్తుగా వచ్చింది.

ఇక సీల్ తీసి స్టాండర్డ్‌ను పంపాను. సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో పీక్ లేచింది. ఖాళీ ద్రావణంలో కనబడింది బిసాకోడిలే.

రమేశ్ సీసా వంక చూశాడు. "సీల్ ఇప్పుడే గదక్కా తీసినం?"

సీసా మీది పేరు మరోసారి చదివాను.

అప్పుడే ఫోన్ మోగింది. మా అన్న. బజారులో బట్టల కొట్టు నడుపుతాడు.

"చెల్లె, మీ వదిన కండ్లు తిరిగి పడిపోయింది. పొద్దుగాల్నే దవాఖానకు తీస్కొచ్చిన. ఒకటే మోషన్లు. పొటాషియం పడిపోయిందట, గుండె సక్కగ కొట్టుకుంటలేదంటున్నరు. ఎందుకో డాక్టర్లకే సమజైతలేదు."

వింటూనే నా కళ్లు తెర మీదికి పోయాయి.

"వదిన ఏమన్న మందులు వాడుతుందా అన్నా?"

"ఏం లేవే. గోలీ అంటెనే భయం ఆమెకు."

బండి తీసి హన్మకొండలో అన్న చెప్పిన దవాఖానకు వెళ్లాను. వదిన పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పక్కన మెషిన్‌లో గుండె గీత గతి తప్పి ఎగురుతోంది. అన్నను ఏదో పని చెప్పి బయటికి పంపి, ఆమె చెవి దగ్గర వంగాను.

"వదినా, నువ్వు ఏదో మందు తీస్కుంటున్నవ్. నాకు చెప్పు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచం పక్కనున్న హ్యాండ్‌బ్యాగ్ వైపు చూసింది. అందులో ఏ పేరూ లేని పొడి పొట్లం ఉంది. బరువు తగ్గడానికి తెలిసినావిడ ఎవరో అమ్మిందట.

"ఆకుల పొడేనే. ఒక్క పూట గూడ తప్పియ్యొద్దన్నది. ఇందాక మీ అన్న నీతోని ఫోన్ మాట్లాడుతుంటె గూడ తాగిన."

పొట్లం తీసుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఇంకో మోతాదు లోపలికి పోయి ఉంటే గుండె ఆగిపోయేదేమో అన్నాడాయన. ఆ రాత్రంతా అన్న, నేను బయట బెంచీ మీదే ఉన్నాం. తెల్లారేసరికి వదిన గుండె మళ్లీ గాడిలో పడింది.

తర్వాత ఆ పొడిని మా ల్యాబ్‌లోనే పరీక్షించాం. బిసాకోడిల్.

నేను వెళ్లిపోయాక రమేశ్ అదే ద్రావణాన్ని మళ్లీ పంపి చూశాడట. గీత సాఫీగా సాగిపోయిందట. "ఏం ముట్టలేదక్కా, ఒట్టు" అన్నాడు. మా మేనేజర్ గ్లాసు మురికిగా ఉండి ఉంటుందని తేల్చేశారు. నేనూ అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కానీ సీల్ తీయని సీసాలోని మందు గ్లాసుకు ఎలా అంటుతుంది?

వదిన ఇప్పుడు కులాసాగా ఉంది. మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని అడుగుతుంది. "నేను ఎవ్వరికి చెప్పలే గదనే. నీకెట్ల తెల్సింది?"

"ఊకె అనుమానమొచ్చింది వదినా" అంటాను.

నిజం చెబుదామంటే, అదేమిటో నాకు తెలిస్తే కదా.